ఈ ట్రాక్టరు ఏ ఊరిది, ఏ నెలది?

పాత ట్రాక్టరుకు చిన్న నమూనా కట్టి, దానికి రంగు వేయడానికి కూర్చునే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆ బండి ఏ ఊరి పొలంలో ఉంది? అది ఏ నెల? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎరుపు ఎంత వెలిసిపోవాలి, మట్టి ఏ రంగులో ఎండాలి, ఇనుము ఎక్కడ మెరవాలి, ఎక్కడ తుప్పు పట్టాలి అన్నవి ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. జవాబు లేకపోతే ఎంత నేర్పున్న చేయి వేసిన రంగైనా ఊహగానే మిగులుతుంది. నమూనా అంటే ఒక యంత్రం తరఫున చెప్పే సాక్ష్యమని నమ్ముతాను కాబట్టి, అందులోని ప్రతి మరకకూ ఆధారం ఉండాలని కోరుకుంటాను.

ఈ పని చేసేవారిలో రెండు దారులు కనిపిస్తాయి. కొందరు షోరూములోంచి అప్పుడే దిగిన బండిని చేస్తారు. ఎక్కడా గీత లేకుండా, అద్దంలాంటి పూతతో, బోల్టు తలలు కూడా తళతళలాడేలా తీర్చిదిద్దుతారు. మరికొందరు యుద్ధ ట్యాంకుల నమూనాల నుంచి వచ్చిన పద్ధతులను పట్టుకుని, రంగు పెచ్చులను, తుప్పు చారలను, నూనె మరకలను బండి అంతటా సమానంగా పరుస్తారు. నాకు ఈ రెండో దారి మీదే ఎక్కువ ఫిర్యాదు ఉంది. మెరిసే నమూనా కనీసం ఒక రోజుకైనా నిజం, ఎందుకంటే ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఏ ట్రాక్టరైనా అలాగే ఉంటుంది. ఒళ్ళంతా ఒకేలా తుప్పు పట్టిన నమూనా మాత్రం ఏ రోజుకూ నిజం కాదు. పనిచేసే బండి అన్ని చోట్లా ఒకేలా పాడవదు. అది అరిగిన తీరులో దాన్ని నడిపిన మనిషి, దున్నిన నేల, నిలబెట్టిన చోటు విడివిడిగా కనిపిస్తాయి. ఆ తేడాలను చెరిపేసి పాతదనం ఒక్కటే చూపిస్తే, ఆ బండి చేసిన పనిని చెరిపేసినట్టే.

నేను చేస్తున్నది మాసీ ఫెర్గూసన్. నెల్లూరు జిల్లా రైతులకు అది ఉత్త మాసీ. దాని వంశం హారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు ఇంజనీరు దగ్గర మొదలవుతుంది. ఇంగ్లండులోని కొవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా తయారైన ఆయన బూడిదరంగు టీఈ-20 ట్రాక్టర్లు ఐదు లక్షలు దాటాయి. 1953లో ఆయన సంస్థ మాసీ-హారిస్‌తో కలిసింది. ఆ తర్వాత వచ్చిన 35 మోడలుకు 1957 చివరికి బానెట్టు మీద ఎరుపు, కింద ఇంజనుకు బూడిద రంగు స్థిరపడ్డాయి. 1960లో మద్రాసులో టాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ ఏర్పడి ఆ కుటుంబపు బండ్లను ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టాక, 1035 మోడలు రూపంలో అది మన పల్లెలకు వచ్చింది.

ఈ చరిత్ర తెలియడం నమూనాకారుడికి అలంకారం కాదు, అవసరం. తొలి ఎరుపు 35లలో నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉండేది. చలిలో స్టార్టు కావడానికి మొరాయించే ఆ ఇంజను స్థానంలో 1959లో పర్కిన్స్ కంపెనీ మూడు సిలిండర్ల ఇంజను వచ్చింది. మన 1035కు అమరింది కూడా మూడు సిలిండర్లదే. పర్కిన్స్ నమూనాలో ఆ ఇంజన్లను మద్రాసులోని సింప్సన్ కంపెనీ చేసేది. విదేశీ బొమ్మను చూసి, సిలిండరుకు ఒకటి చొప్పున డీజిలు అందించే ఇంజెక్టరు గొట్టాలను నాలుగు అమర్చినవారు, రంగు డబ్బా మూత తీయకముందే మన బండికి దూరమైపోతారు.

కొలత విషయంలో నాది 1:16 పక్షం, అంటే నిజం బండిలో పదహారో వంతు. ట్రాక్టరు అంగుళాల్లో పుట్టిన యంత్రం. ఇంట్లో ఉండే మామూలు స్కేలు మీద అంగుళం పదహారు గీతలుగా చీలి ఉంటుంది. బండి మీద ఒక అంగుళం అంటే స్కేలు మీద ఒక చిన్న గీత. 16 అంగుళాల ముందు రిమ్ము సరిగ్గా ఒక అంగుళం అవుతుంది. 28 అంగుళాల వెనక రిమ్ము ఒకటీ ముప్పావు అంగుళం. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న 72 అంగుళాలు నాలుగున్నర అంగుళాలకు దిగుతాయి. లెక్కల యంత్రం అవసరం లేకుండా, పొలం గట్టున నిలబడి టేపు పట్టుకుని కొలిచిన అంకెను అలాగే బల్ల మీదికి తెచ్చుకోవచ్చు. 1:32లో చేసేవారి ఓపికను గౌరవిస్తాను గాని, ఆ సైజులో పెడలు అరుగుదల, బోల్టు చుట్టూ ఇరుక్కున్న మట్టి లాంటివి చూపించడానికి చోటుండదు. నేను చెప్పదలచినది అంతా అక్కడే ఉంది కాబట్టి నాకు పెద్ద సైజే కావాలి.

ఇంత మామూలు బండికి మన 1035 వివరాలతో కిట్టు కోసం కాచుకుని కూర్చోవడం నాకు నచ్చదు. కావలసిన సరుకంతా జిల్లాలోనే దొరుకుతుంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పనివారు వాడే నర్ది చెక్క ముక్క ఒకటి బానెట్టు అచ్చుకు బాగా సరిపోతుంది. పొర సన్నంగా ఉండటం వల్ల గుండ్రని ముక్కు భాగాన్ని ఉలితో తీసినా అంచు పెచ్చు లేవదు. మడ్గార్డులకు కూల్‌డ్రింకు డబ్బా రేకు వాడతాను. ఆ రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. దాన్ని పదహారుతో గుణిస్తే 1.6 మిల్లీమీటర్లు, అంటే 16 గేజి ఇనప రేకు మందం. ప్లాస్టిక్ పలకతో చేసిన మడ్గార్డు అంచు ఎంత సాన పట్టినా పలకలాగే కనిపిస్తుంది. ఈ రేకు మాత్రం వేలితో నొక్కితే నిజం మడ్గార్డు సొట్ట పడిన తీరులోనే సొట్ట పడుతుంది. ఇంజెక్టరు గొట్టాలకు మోటారు వైండింగు షాపులో దొరికే సన్నటి రాగి తీగ చాలు: పావు అంగుళం గొట్టం ఈ కొలతలో 0.4 మిల్లీమీటర్లు.

వెనక టైర్ల పళ్ళ వరస గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది తరచూ తారుమారవుతుంది. బండి వెనక నిలబడి చూస్తే పళ్ళు కలిసే మొన పైకి ఉండాలి. చక్రం ముందుకు తిరిగేటప్పుడు ఆ మొనే ముందుగా నేలను తాకి, మట్టిని రెండు పక్కలకూ నెట్టేస్తుంది. టైర్లు అటుదిటు బిగిస్తే మట్టి మధ్యలోకి చేరి ఇరుక్కుంటుంది. వెనక పనిముట్లను ఎత్తే లిఫ్టు చేతుల విషయం కూడా ఇలాంటిదే. ఇంజను ఆపి వదిలేసిన పాత బండి హైడ్రాలిక్కులో నూనె మెల్లగా జారి, చేతులు కిందికి దిగిపోతాయి. వెనక ఏ పనిముట్టూ లేకుండా, డ్రైవరు లేకుండా, లిఫ్టు చేతులు గాల్లోకి లేచి ఉన్న నమూనా ఎంత అందంగా ఉన్నా నా కంటికి అబద్ధమే. ఫెర్గూసన్ పేరు నిలిచిందే కింద రెండు చేతులు, పైన టాప్ లింకు అనే కమ్మీ కలిసి పనిముట్టును పట్టుకునే ఆ మూడు బిందువుల అమరిక వల్ల. మడక నేలలో గట్టిగా దిగితే టాప్ లింకు మీద పడే ఒత్తిడిని హైడ్రాలిక్కు పసిగట్టి, మడకను కాస్త పైకి లేపుతుంది. యంత్రానికి ప్రాణమైన ఆ భాగాన్నే తప్పుగా అతికించి, బానెట్టు మెరుపు కోసం నెలలు ఖర్చు చేయడం ఏ రకమైన శ్రద్ధ?

ఇక రంగు. అసలు బండికి వేసే నిగనిగలాడే ఎనామిల్ పూతను ఇంత చిన్న వస్తువుకు వేస్తే అది బొమ్మలా కనిపిస్తుంది. వెలుగు ప్రతిబింబాలు మాత్రం కొలతకు తగ్గవు కదా. అందుకే సగం మెరుపు ఉన్న పూత ఎంచుకోవాలి. మందం కూడా లెక్కలోకి వస్తుంది: బ్రష్షుతో మిల్లీమీటరులో పదో వంతు మందం పూస్తే, అది నిజం బండి మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల పొర అయినట్టు. కంపెనీ పేరు అచ్చు అంచులన్నీ అందులో మునిగిపోతాయి. ఎయిర్ బ్రష్షుతో పలచగా, పొర మీద పొరగా వేయాలి. ఎరుపు స్వతహాగా కింది రంగును దాచలేని రంగు; బూడిద ప్రైమరు మీద వేస్తే కళ తప్పి కనిపిస్తుంది, తెల్ల ప్రైమరు మీద వేస్తే పొర పలచబడిన చోటల్లా గులాబీ తేలుతుంది. లేత ఇటుక రంగు ప్రైమరు మీద వేస్తే నిండుగా నిలుస్తుంది.

పెచ్చుల దగ్గర మన బండికీ పడమటి దేశాల బండికీ తేడా చాలా ఎక్కువ. ఇక్కడి పాత మాసీ ఒక్క రంగుతో జీవితం గడపదు. ఆటోనగరుకు వెళ్ళి, సొట్టలు తీయించుకుని, లప్పం పెట్టించుకుని, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు మీద కొత్త ఎరుపు వేయించుకుని వస్తుంది. పదేళ్ళకో పదిహేనేళ్ళకో మళ్ళీ వెళుతుంది. అందువల్ల దాని మీద ఒక పెచ్చు ఊడితే కింద కనిపించేది చాలాసార్లు తుప్పు కాదు. పైన ఈమధ్య వేసిన కాస్త నారింజ ఛాయ ఎరుపు, దాని కింద సన్నటి గీతగా గోధుమ రంగు ప్రైమరు, ఆ తర్వాత లప్పం బూడిద తెలుపు, దానికీ అడుగున పాత ముదురెరుపు ఒక చుక్క. ప్రైమరు గోధుమరంగు కళాహీనంగా, ఒకే తీరుగా, అంచు తెగినట్టు ఉంటుంది. తుప్పు మచ్చ మచ్చగా ఉండి, వాన నీటితో కిందికి చారలా కారుతుంది. ఈ రెండింటినీ ఒకే సీసాలోని గోధుమ రంగుతో చూపించడం కుదరదు. పెచ్చులు తీయడానికి నేను ఉప్పు పద్ధతి వాడతాను: కింది పొర ఆరాక, తడి చేసిన చోట ఉప్పు గింజలు చల్లి, ఎండాక పైన ఎరుపు కొట్టి, ఆ తర్వాత గింజలను బ్రష్షుతో రాల్చేస్తే అడుగు పొర బయటపడుతుంది. ప్యాకెట్టు ఉప్పు గింజలన్నీ ఒకే సైజు కాబట్టి పెచ్చులన్నీ ఒకేలా వస్తాయి. ఇసకపల్లి వైపు ఉప్పు కయ్యల నుంచి వచ్చే రాళ్ళ ఉప్పును కొద్దిగా నలగ్గొడితే చిన్నా పెద్దా గింజలు కలిసి, పెచ్చులు సహజంగా ఉంటాయి.

ఎండకు వెలిసిపోవడం కూడా బండి అంతటా ఒకేలా ఉండదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పూతలోని రెసిన్‌ను విరగ్గొట్టగా పైన వదులుగా మిగిలిన రంగు పొడి, చేత్తో రాస్తే వేలికి అంటుకుంటుంది. ఇది బానెట్టు పైభాగాన, మడ్గార్డుల నెత్తిన ఎక్కువ. బానెట్టు పక్కల తక్కువ. డ్రైవరు తొడ ఆని రుద్దుకునే మడ్గార్డు లోపలి అంచున అసలు ఉండదు. అక్కడ బట్ట రాపిడికి ఎరుపు నున్నబడి, మిగతా బండికన్నా ముదురుగా మెరుస్తుంది. డీజిలు పోసే మూత చుట్టూ ఒలికిన చుక్కలు దుమ్మును పట్టుకుని నల్లటి వలయం కడతాయి. తుప్పుకు నిజంగా హక్కున్న చోటు సైలెన్సరు గొట్టం, ఎందుకంటే ఆ వేడికి అక్కడ ఏ రంగూ నిలవదు.

నా నమూనా విడవలూరు వైపు పెన్నా డెల్టా మడిది. నెల కార్తీకం. ఇలా నిర్ణయించుకోగానే ఎన్నో విషయాలు వాటంతట అవే కుదురుకున్నాయి. నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. పెద్ద పంటకు దమ్ములు, అంటే నీళ్ళు పెట్టిన మడిని బురదగా దున్నడం, జరిగే కాలం అదే. కాబట్టి వెనక టైర్లు తీసి కేజీ వీల్స్, అంటే బురదలో నడిచే ఇనప చక్రాలు, బిగించి ఉండాలి. దమ్ము నడిచే రోజుల్లో ఆ చక్రాల ఇనప పళ్ళు మట్టి రాపిడికి వెండిలా తెల్లగా ఉంటాయి. మట్టి తగలని లోపలి కమ్ములు గోధుమగానే ఉండిపోతాయి. ఇదే బండిని చైత్రంలో చూపిస్తే చక్రాలు చింతచెట్టు కింద ఆనించి, పళ్ళతో సహా నారింజ తుప్పు పట్టి ఉండాలి. తడి గాలిలో ఇనుము తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు గనక, మెరుపుకూ తుప్పుకూ మధ్య ఉన్న ఆ కొద్ది కాలమే నెలను చెబుతుంది. వాన కాలం కాబట్టి, బండి ఆగి ఉన్నప్పుడు సైలెన్సరు నోటికి ఒక ఖాళీ డబ్బా బోర్లించి ఉండాలి. దసరాకు ఆయుధ పూజ చేసి నెల దాటింది కాబట్టి బానెట్టు మీది పసుపు ఎండకు దాదాపు పోయి, దాని అంచు మాత్రం మాసిన నీడలా కనిపించాలి. రేడియేటరు జాలీకి కట్టిన నిమ్మకాయ ఎండి నల్లబడి ఉండాలి. ముందు భాగాన పెయింటరు చేత్తో రాసిన పెంచలకోన నరసింహస్వామి పేరు ఉంటే, నంబరు ప్లేటు చదవకుండానే బండి ఏ ప్రాంతానిదో తెలిసిపోతుంది. రెండంగుళాల ఆ అక్షరాలు నమూనాలో మూడు మిల్లీమీటర్లు. వాటి నీడ గీతలతో సహా రాయడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

మట్టిని సీసాల్లో కొనడం కన్నా ఆ పొలం మట్టినే తేవడం మేలు, కానీ తెచ్చినది తెచ్చినట్టు అద్దకూడదు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ కొలతలో ఎనిమిది మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. మట్టిని నీళ్ళలో కలిపి, బరువు రేణువులు అడుగుకు దిగాక పైనున్న మురికి నీటిని వేరే గిన్నెలోకి వంచి, దాన్ని రోజంతా కదపకుండా ఉంచితే అడుగున పేరుకునే మెత్తటి బంకమట్టే మనకు కావలసినది. తడిగా ఉన్నప్పుడు దాదాపు నల్లగా ఉండే డెల్టా మట్టి ఎండాక లేత బూడిద రంగుకు తిరుగుతుంది. కాబట్టి తడి చోటు ముదురుగా, ఎండిన చోటు లేతగా ఒకే మట్టి రెండు రంగుల్లో పడాలి. ఫెవికాల్ నీళ్ళతో అతికిస్తే ఎండిన తర్వాత కూడా ముదురుగానే ఉండిపోతుంది గనక, అతికించిన దాని మీద పొడి మట్టిని మళ్ళీ ఒకసారి మెత్తటి కుంచెతో అద్దాల్సి ఉంటుంది.

బండిని ఇలా మురికిగా చూపిస్తే దానికి అవమానం కాదా అని ఎదురు ప్రశ్న వేసేవారున్నారు. వారి మాటను తేలిగ్గా తీసుకోలేను. ట్రాక్టరును ఇంటి మనిషిలా చూసుకున్న రైతులు ఈ జిల్లాలో లెక్కలేనంతమంది. మా మేనమామ దమ్ము ముగిసిన సాయంత్రం బండిని కాలువ గట్టుకు తెచ్చి, బకెట్లతో నీళ్ళు కొట్టి, గుడ్డతో బానెట్టు తుడిచాకే తాను స్నానానికి వెళ్ళేవాడు. కానీ ఆ శ్రద్ధ కూడా బండి మీద గుర్తులు వదులుతుంది. కడిగిన బండి మీద మట్టి మిగిలేది చెయ్యి చేరని చోటే: మడ్గార్డు లోపలి వంపులో, హబ్బు బోల్టుల మధ్య, ఫుట్‌బోర్డు అడుగున, ఇరుసు పైభాగాన. బానెట్టు శుభ్రంగా ఉండి మడ్గార్డు కడుపులో మట్టి పేరుకుని ఉన్న నమూనా, ఆ బండికి యజమాని ఉన్నాడని, అతను దాన్ని ప్రేమించాడని చెబుతుంది. అంతటా సమానంగా మట్టి పూసినది ఆ మనిషిని తుడిచేస్తుంది. షోరూము మెరుపుతో చేసినది అతను ఇంకా రాకముందటి రోజును చూపిస్తుంది.

మా మేనమామ బండిని చాలాకాలం నడిపిన డ్రైవరు ఒకాయన నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు మొదట వంగి చూసింది పెడళ్ళనే. "ఎడం కాలు క్లచ్చి మీదనే ఉంటాది అబ్బయా. మడి మూల మూలకీ తిప్పుకోవాల గదా. ఉత్త కాలితో తొక్కి తొక్కి అది అద్దంలాగా అయిపోతాది," అన్నాడు. దమ్ములో చెప్పులు వేసుకుని ఎవరూ నడపరు. తడి కాలు, సన్నటి మట్టి కలిసి క్లచ్చి పెడలు పైనున్న గాడులను నున్నగా అరగదీస్తాయి. విడివిడిగా ఉండే రెండు బ్రేకు పెడళ్ళలో, మడి మూలల్లో బండి ఎక్కువగా తిరిగే వైపుది మరింత మెరుస్తుంది. పెడలు మధ్యలో తెల్లటి ఇనుము, దాని చుట్టూ సన్నని గోధుమ అంచు, ఆ తర్వాతే బూడిద రంగు పూత. బియ్యపుగింజంత చోటులో ఈ మూడూ పట్టాలి. బండి మొత్తానికీ నేను పెట్టే సమయంలో ఈ పెడళ్ళకు దక్కే వాటా ఎక్కువే, అది న్యాయమేనని నా నమ్మకం.

ఇదే మాసీని ఒంగోలు వైపు నల్లరేగడిలో, పొగాకు నాటడానికి ముందు చూపించాలంటే దాదాపు ప్రతి నిర్ణయమూ మారుతుంది. కేజీ వీల్స్ ఉండవు, రబ్బరు టైర్లు, వెనక గొర్రు ఉంటాయి. గొర్రు కర్రుల మొనలు మాత్రమే మెరుస్తాయి. మట్టి చిమ్మిన చుక్కల బదులు మెత్తటి దుమ్ము పడుకునే చోట్ల, అంటే బ్యాటరీ పెట్టె మూత మీద, బానెట్టు కీలు గాడిలో, సీటు కింద పేరుకుంటుంది. అక్కడి బోరు నీళ్ళు ఉప్పనైతే రేడియేటరు మూత చుట్టూ, నీళ్ళు వదిలే కుళాయి కింద తెల్లటి ఉప్పు చార కనిపిస్తుంది. కాలువ నీళ్ళు పోసే డెల్టా బండికి అంతటి చార రాదు. రెండు బండ్లూ ఒకే ఫ్యాక్టరీ నుంచి, ఒకే ఎరుపుతో వచ్చినవే.

ఒంగోలు గిత్తకు విగ్రహాలున్నాయి, పోటీలున్నాయి, దాని రక్తం బ్రెజిల్ దాకా వెళ్ళింది, అందుకు గర్వపడతాను. గిత్త స్థానంలో కాడి మోసిన ఈ యంత్రం మాత్రం పాత ఇనుము కొట్టుకు కిలోల లెక్కన వెళ్ళిపోతోంది. మీ ఇంట పాత మాసీ గాని, జెటార్ గాని, ఫోర్డ్ గాని ఉండి అమ్మే ఆలోచనలో ఉంటే, అది ఊరు దాటకముందు ఫొటోలు తీసి ఉంచండి. కడగకుండా తీయండి. మధ్యాహ్నపు ఎండలో ఎరుపు తెల్లబారి కనిపిస్తుంది కాబట్టి పొద్దున్నే నీడలో నిలబెట్టి తీయండి. మొత్తం బండి ఫొటోలు ఎటూ తీస్తారు. పెడళ్ళు, మడ్గార్డు లోపలి వైపు, టాప్ లింకు తగిలించే చోటు, డీజిలు మూత, పెచ్చు ఊడిన ఒక అంచు దగ్గరగా తీయండి. ప్రతి ఫొటోలోనూ ఒక స్కేలు పక్కన పెట్టండి, వెనకాల ఊరి పేరు, నెల రాయండి.